తీగ పొడవు ఎంత ఉండవలెను? - రేడియో తరంగ దైర్ఘ్యము, ఆంటెన్నా లెక్క

ఆకాశవాణి హైదరాబాదు కేంద్రపు కార్యక్రమములను విన్నవారికి రెండు సంఖ్యలు చెవికి బాగుగా అలవాటైనవి. ఒకటి 406.5 మీటర్లు. రెండవది 738 కిలోహెర్ట్జ్‌లు. రెంటికిని నడుమ "అనగా" అను చిన్నమాట యుండును. పాటకొరకు ఎదురుచూచు శ్రోత ఆ మాటను పట్టించుకొనడు. కాని భౌతికశాస్త్ర విద్యార్థి పట్టించుకొనవలెను. ఆ "అనగా" అను మాటలో ఒక గుణకారము దాగియున్నది. హేమ్ రేడియో అని పిలువబడు అమెచ్యూర్ రేడియో అభ్యాసకుడు తన మిద్దెపై తీగ కట్టుకొనుటకు మొట్టమొదట కావలసినది ఆ గుణకారమే.

రెండు సంఖ్యల సంబంధము

చెరువులో రాయి విసరినప్పుడు అలలు పుట్టును. ఒక అల శిఖరమునుండి దాని తరువాతి అల శిఖరము వరకు గల దూరము తరంగ దైర్ఘ్యము. ఒక సెకనులో మన ముందునుండి ఎన్ని అలలు పోవునో ఆ సంఖ్య పౌనఃపున్యము. ఈ రెంటిని గుణించినచో అల ఒక సెకనులో నడచిన దూరము, అనగా వేగము వచ్చును.

రేడియో తరంగములు విద్యుదయస్కాంత తరంగములు. శూన్యములో వాటి వేగము కాంతి వేగమే. అది సెకనుకు 29,97,92,458 మీటర్లు. మన లెక్కలకు 30 కోట్ల మీటర్లు అనుకొన్నచో చాలును. పౌనఃపున్యమును పూర్వము సెకనుకు ఇన్ని సైకిళ్ళు అని చెప్పెడివారు. ఇప్పుడు హెర్ట్జ్‌లలో చెప్పుచున్నాము. 1887, 1888 సంవత్సరములలో ప్రయోగశాలలో ఈ తరంగములను పుట్టించి చూపిన జర్మను శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ పేరు అది. పది లక్షల హెర్ట్జ్‌లు ఒక మెగాహెర్ట్జ్. కావున,

తరంగ దైర్ఘ్యము (మీటర్లలో) = 300 ÷ పౌనఃపున్యము (మెగాహెర్ట్జ్‌లలో)

738 కిలోహెర్ట్జ్‌లు అనగా 0.738 మెగాహెర్ట్జ్. 300ని దీనితో భాగించినచో 406.5 వచ్చును. హైదరాబాదు వివిధభారతి ఎఫ్.ఎమ్. పౌనఃపున్యము 102.8 మెగాహెర్ట్జ్. ఆ తరంగ దైర్ఘ్యము 2.92 మీటర్లు మాత్రమే. దానిలో నాలుగవ వంతు 73 సెంటీమీటర్లు. చిన్న రేడియో పెట్టెకు లాగిన కొలది పొడవగు లోహపు కడ్డీ సుమారు అంతే యుండుట కాకతాళీయము కాదు.

హేమ్ రేడియోవారు తమ పౌనఃపున్య శ్రేణులను మీటర్లతోనే పిలుచుకొందురు. 7 మెగాహెర్ట్జ్ ప్రాంతము "40 మీటర్ల బ్యాండు". 14 మెగాహెర్ట్జ్ ప్రాంతము "20 మీటర్ల బ్యాండు". 144 మెగాహెర్ట్జ్ ప్రాంతము "2 మీటర్ల బ్యాండు". ఇవి స్థూలమైన పేర్లు. తీగ కోయుటకు పేరు చాలదు, లెక్క కావలెను.

సగము తరంగము ఎందుకు?

మధ్యలో రెండుగా కోసి, ఆ కోతవద్ద ప్రసారిణి కేబులును కలిపిన తిన్నని తీగను డైపోల్ అందురు. దీని మొత్తము పొడవు తరంగ దైర్ఘ్యములో సగ ముండవలెను. ఎందుకు?

వీణ తీగను మీటినప్పుడు దాని రెండు కొనలు కదలవు, నడుమ మిక్కిలిగా కదలును. అట్లే డైపోల్ కొనలయందు విద్యుత్ప్రవాహము శూన్యము. కొన తరువాత తీగ లేదు కావున ప్రవాహము పోవుటకు చోటు లేదు. నడుమ ప్రవాహము అత్యధికము.

దీనినే ఊయలతో పోల్చి చూడవచ్చును. మధ్యనుండి బయలుదేరిన విద్యుత్తరంగము కొనకు చేరి, అచట పరావర్తనము చెంది, తలక్రిందులై తిరిగివచ్చును. తీగ పొడవు సరిగా సగము తరంగమైనచో ఈ రాకపోకలకు సగము డోలనకాలము పట్టును. అంతలో ప్రసారిణినుండి వచ్చు ప్రవాహముకూడ దిశ మార్చుకొనును. తిరిగివచ్చిన తరంగము, క్రొత్తగా వచ్చు తరంగము ఒకే దిశలో కలియును. ఊయల తిరిగివచ్చిన క్షణముననే తోసినట్లు, ప్రతి తోపుతో ఊపు పెరుగును. దీనినే అనునాదము అందురు. పొడవు తప్పినచో తోపు ఒకప్పుడు, ఊయల ఒకప్పుడు అగును. అప్పుడు పంపిన శక్తిలో కొంత కేబులులోనికే వెనుకకు మరలును.

మిద్దెమీద తేలిన చిక్కు

పాతబస్తీలో మా విద్యార్థులు కొందరు 40 మీటర్ల బ్యాండుకు తీగ సిద్ధము చేసిరి. వారు కోరిన పౌనఃపున్యము 7.1 మెగాహెర్ట్జ్. 300ని 7.1తో భాగించిరి, 42.25 మీటర్లు వచ్చెను. సగము 21.13 మీటర్లు. ఆ ప్రకారమే రాగితీగ కోసి, మిద్దెపై రెండు గుంజల నడుమ కట్టిరి. లైసెన్సు గల మిత్రుడొకరు తెచ్చిన కొలత పరికరమును తగిలించి చూడగా తీగ 7.1 వద్దగాక 6.75 మెగాహెర్ట్జ్ వద్ద అనునాదము చూపెను. మనదేశపు 40 మీటర్ల బ్యాండు 7.0నుండి 7.2 వరకే యున్నది. తీగ బ్యాండు వెలుపల పడినది.

"సూత్రము తప్పా, సార్?" అని ఒక విద్యార్థి అడిగెను. సూత్రము తప్పు కాదు. అది శూన్యములో తరంగమునకు సంబంధించినది. మన తరంగమో తీగను పట్టుకొని నడచుచున్నది. తీగ కొనలయందు విద్యుదావేశము పోగగును. ఆ కొనలకును చుట్టుపట్లనున్న వస్తువులకును నడుమ కొంత విద్యుద్ధారిత ఏర్పడును. దానివలన తీగ తన నిజమైన పొడవుకంటె కొంచెము పొడవైనదివలె ప్రవర్తించును. దీనిని అంత్యప్రభావము అందురు. తీగ లావైన కొలదియు, కొనలు గోడలకు, నేలకు దగ్గరైన కొలదియు ఈ ప్రభావము మారును. తీగపై ప్లాస్టిక్కు తొడుగున్నచో తరంగవేగము మరికొంత తగ్గును.

కావున సామాన్యమైన తీగకు లెక్కించిన పొడవులో సుమారు 95 శాతము తీసికొందురు. 150లో 95 శాతము 142.5. అందుచేత,

డైపోల్ మొత్తము పొడవు (మీటర్లలో) = 142.5 ÷ పౌనఃపున్యము (మెగాహెర్ట్జ్‌లలో)

7.1 మెగాహెర్ట్జ్‌కు ఇది 20.07 మీటర్లు. ఒక్కొక్క భుజము సుమారు 10.04 మీటర్లు. 14.2 మెగాహెర్ట్జ్‌కు మొత్తము పొడవు 10.04 మీటర్లు. 145 మెగాహెర్ట్జ్‌కు 98 సెంటీమీటర్లు.

మరి కట్టిన తీగ సంగతి? దానిని విప్పి పారవేయ నక్కరలేదు. పొడవు, అనునాద పౌనఃపున్యము విలోమానుపాతములో నుండును. కావున క్రొత్త పొడవు = పాత పొడవు × చూపిన పౌనఃపున్యము ÷ కావలసిన పౌనఃపున్యము. అనగా 21.13 × 6.75 ÷ 7.1 = 20.09 మీటర్లు. తగ్గింపవలసినది 1.04 మీటర్లు, ఒక్కొక్క కొనవద్ద 52 సెంటీమీటర్లు. రెండువైపుల సమముగా తగ్గింపవలెను. విద్యార్థులు ఒకేమారు 52 సెంటీమీటర్లు కోయక, ముందు 45 కోసి, మరల కొలిచి, మిగిలినది కోసిరి. అది మంచి పద్ధతి. పొడవైన తీగను తగ్గింపవచ్చును. పొట్టిదైన తీగ పెరుగదు.

ఇచట ఇంకొక పొరపాటును చెప్పవలెను. కేబులుల పట్టికలలో 0.66 అను వేగగుణకము కనిపించును. అది పాలిథిన్ నింపిన కేబులు లోపల నడచు తరంగమునకు వర్తించునది. ఒక విద్యార్థి దానిని ఆరుబయటి తీగకు వాడి, 21.13ను 0.66తో గుణించి, 13.95 మీటర్లు కోసెను. ఆ తీగ 10.2 మెగాహెర్ట్జ్ దగ్గర అనునాదము చెందును. సంఖ్య ఎచటినుండి వచ్చినదో తెలియక వాడినచో లెక్క తప్పు లేకున్నను ఫలితము తప్పగును.

చార్మినారు కొలబద్ద

20 మీటర్ల పొడవు ఎంతయో ఊహించుట ఎట్లు? 1591లో నిర్మింపబడిన చార్మినారు ఒక్కొక్క ప్రక్క సుమారు 20 మీటర్లు. అనగా 40 మీటర్ల బ్యాండు డైపోల్ సరిగా చార్మినారు ఒక ప్రక్కను ఆక్రమించును. 738 కిలోహెర్ట్జ్‌ల తరంగములో నాలుగవ వంతు 101.6 మీటర్లు. మినారుల ఎత్తు సుమారు 48.7 మీటర్లు. ఒకదానిపై నొకటిగా రెండు చార్మినారులు నిలిపినను ఆ ఎత్తునకు చాలవు. మధ్యతరంగ ప్రసార కేంద్రములకు ఎత్తయిన స్తంభములు, విశాలమైన మైదానములు ఎందుకు కావలెనో ఈ లెక్కయే చెప్పుచున్నది.

షాఆలీబండా, మొగల్‌పురా వంటి పేటలలో అన్ని మిద్దెలు 20 మీటర్ల పొడవు ఉండవు. దానికి త్రికోణమితి ఉపాయము చెప్పును. నడుమ ఒక గుంజ నాటి, డైపోల్ మధ్యభాగమును దానిపై నిలిపి, రెండు భుజములను వాలుగా దింపవచ్చును. తలక్రిందులైన ఆంగ్లాక్షరము "వి" వలె నుండును. భుజముల నడుమ కోణము 120 డిగ్రీలైనచో, 10.04 మీటర్ల భుజమునకు ఒక్కొక్క ప్రక్క 8.7 మీటర్ల చోటు, రెండు ప్రక్కల 17.4 మీటర్లు చాలును. కొనలు గుంజ తలకంటె 5.02 మీటర్లు క్రిందికి వచ్చును. కోణము 90 డిగ్రీలైనచో 14.2 మీటర్ల చోటు చాలును. కాని కొనలు 7.1 మీటర్లు దిగును. అంతకంటె కోణము తగ్గించుట మంచిది కాదు. కొనలు కట్టడములకు దగ్గరగుటచేత పొడవును మరికొంత సవరింపవలసి యుండును. ప్రసారము జరుగునపుడు కొనలయందు వోల్టేజి అధికము. అవి చేతికందని ఎత్తున ఉండవలెను.

గాలిపటము, తీగ, జాగ్రత్త

1901 డిసెంబరు 12న మార్కోని న్యూఫౌండ్‌లాండు తీరములో గాలిపటముతో సుమారు 150 మీటర్ల తీగను పైకెత్తించి, అట్లాంటికు మహాసముద్రము ఆవలినుండి వచ్చిన సంకేతమును వింటినని ప్రకటించెను. సంక్రాంతికి పాతబస్తీ మిద్దెలన్నిటినుండి పతంగులు ఎగురును. ఈ రెంటిని కలిపి, పతంగుకు రాగితీగ కట్టవలెనని ఉత్సాహవంతుడైన బాలునికి తోచవచ్చును. ఆ పని ఎన్నడును చేయరాదు. మన గల్లీలలో విద్యుత్తు తీగలు మిద్దెల పిట్టగోడలకు చేరువగా పోవుచుండును. లోహపు తీగ వాటిని తాకినచో ప్రాణాపాయము. స్థిరముగా కట్టు ఆంటెన్నాకూడ, తెగిపడినను విద్యుత్తు తీగలపై పడని దూరములో నుండవలెను. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మిద్దె ఎక్కరాదు. మబ్బు పట్టకమునుపే కేబులును యంత్రమునుండి విడదీయవలెను. ఈ నియమములు లెక్కకంటె ముందు నేర్పవలసినవి.

తీగకు పని పడిన రోజు

ఇది వేడుక మాత్రమే కాదు. హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పక్షమున, 2004 డిసెంబరులో శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము అండమానులోని పోర్టుబ్లెయిరుకు వెళ్ళెను. ఆ దీవులనుండి ప్రపంచములోని హేమ్ అభ్యాసకులతో మాటలాడుటయే వారి ఉద్దేశము. డిసెంబరు 26 ఉదయమున భూకంపము, వెనువెంటనే సునామీ వచ్చినవి. టెలిఫోను సంబంధములు తెగిపోయినవి. అప్పుడు ఆ బృందము వినోద ప్రసారములు మాని, తమ రేడియోలతో దీవులకును ప్రధాన భూభాగమునకును నడుమ క్షేమసమాచారములు చేరవేసెను.

పోర్టుబ్లెయిరు హైదరాబాదునకు సుమారు 1,650 కిలోమీటర్ల దూరము. 14 మెగాహెర్ట్జ్ వంటి హ్రస్వతరంగములు పైనున్న అయనావరణమున వంగి తిరిగి భూమికి దిగునుగనుక, నడుమ స్తంభములు, కేబులులు లేకయే ఆ దూరమును దాటగలవు. అందుకు కావలసినవి చిన్న ప్రసారిణి, ఒక బ్యాటరీ, సరిగా కోసిన పది మీటర్ల తీగ. మిద్దెపై చేసిన భాగహారము విలువ అట్టి దినమున తెలియును.

మన శ్రీహరికోటనుండి 2005 మే 5న పి.ఎస్.ఎల్.వి.-సి6 రాకెట్టు హేమ్‌శాట్ అను ఉపగ్రహమును హేమ్ అభ్యాసకుల కొరకే కక్ష్యలో ప్రవేశపెట్టెను. భూమినుండి దానికి 435 మెగాహెర్ట్జ్ ప్రాంతమున పంపి, దానినుండి 145 మెగాహెర్ట్జ్ ప్రాంతమున వినెడివారు. 2014 వరకు అది పనిచేసెను. ఆ రెండు తరంగముల దైర్ఘ్యములు సుమారు 69 సెంటీమీటర్లు, 2.07 మీటర్లు. ఒకటి రెండవదానికి మూడవ వంతు. ఎందుకో విద్యార్థులే చెప్పగలరు.

తరగతిలో చేయదగినది

మనదేశములో హేమ్ ప్రసారము చేయుటకు పరీక్షలో ఉత్తీర్ణులై కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు పొందవలెను. లైసెన్సు లేనిదే ప్రసారము చేయుట నేరము. కాని లెక్క నేర్చుకొనుటకు ఏ లైసెన్సును అక్కరలేదు. ఉపాధ్యాయులు కొలత టేపు, దారము తీసికొని పాఠశాల ఆవరణలో 7.1, 14.2, 21.2, 145 మెగాహెర్ట్జ్‌ల డైపోల్ పొడవులను నేలపై పరచి చూపవచ్చును. పౌనఃపున్యము రెట్టింపైనప్పుడు దారము సగమగుట పిల్లలు కన్నులార చూతురు. పిమ్మట, 21.13 మీటర్ల తీగ ఎందుకు పొడవైనదో వారినే అడుగవలెను. సూత్రమును అప్పజెప్పువాడు అచట ఆగిపోవును. కొనవద్ద ఏమి జరుగుచున్నదో ఆలోచించువాడు మాత్రము తీగను సరిగా కోయగలడు.