ఇంజిన్‌లో మెత్తని లోహం ఎందుకు?



బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో కొన్ని పనులు వరుసగా మొదలవుతాయి. బడిలో టీసీ తీసుకోవాలి, సామాను కట్టాలి, కారు ఉంటే మెకానిక్‌కు చూపించాలి. వందల కిలోమీటర్లు వెళ్లాల్సిన బండి దారిలో ఆగిపోతే జాయినింగ్ తేదీ తప్పుతుంది. అందుకే ఈసారి ఇంజిన్ లోపల కంటికి కనబడని ఒక చిన్న భాగం గురించి తెలుసుకుందాం. దాని పేరు క్యామ్‌షాఫ్ట్ బేరింగు. చాలా షెడ్లలో దీన్ని క్యామ్ బుష్ అంటారు.

ఉదాహరణకు పాత అంబాసిడర్ కారును తీసుకుందాం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 వరకు తయారైన ఈ కారును మీ తాతయ్యలు ప్రతి ప్రభుత్వ కార్యాలయం ముందూ చూసే ఉంటారు. పాత అంబాసిడర్లలో 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ ఉండేది. దాన్ని రూపొందించింది బ్రిటన్‌కు చెందిన బీఎంసీ కంపెనీ. అందులో క్యామ్‌షాఫ్ట్ ఇంజిన్ బ్లాకు లోపల మూడు బేరింగుల మీద తిరుగుతుంది.

క్యామ్‌షాఫ్ట్ అంటే గుడ్డు ఆకారపు ఉబ్బులున్న ఇనుప కడ్డీ. ఒక్కో ఉబ్బు ఒక్కో వాల్వును తెరుస్తుంది. వాల్వు స్ప్రింగు వెనక్కి నెడుతుంది. ఆ ఒత్తిడంతా చివరికి బేరింగుల మీదే పడుతుంది. మన కార్ల ఇంజిన్లు ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు కాబట్టి, క్రాంక్‌షాఫ్ట్ రెండుసార్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక్కసారే తిరుగుతుంది. ఈ లెక్కను గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఎడ్లబండి ఇరుసుకు కందెన రాయడం మన పల్లెల్లో అందరికీ తెలిసిన పని. ఇంజిన్‌లోనూ అదే సూత్రం. ఆయిల్ పంపు ఒత్తిడితో పంపిన ఆయిల్ షాఫ్టుకూ బేరింగుకూ మధ్య పలుచని పొరగా నిలుస్తుంది. ఆ పొర ఉన్నంతసేపూ లోహం లోహాన్ని తాకదు. పొర చెదిరితేనే అరుగుదల మొదలవుతుంది.

ఇలాంటి బేరింగు ఉక్కు గొట్టం ముక్కలా ఉంటుంది. లోపలివైపు తెల్లని మెత్తటి లోహం పూత ఉంటుంది. తగరం, ఆంటిమొనీ, రాగి కలిపిన ఇలాంటి మిశ్రమానికి 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ పేటెంటు పొందాడు. గట్టి లోహం వాడితే ఇంకా ఎక్కువ కాలం మన్నుతుంది కదా అని మీకు అనిపించవచ్చు. కానీ మెత్తదనమే దీని ప్రయోజనం. ఆయిల్‌లో వచ్చిన చిన్న నలుసు ఈ పూతలో కూరుకుపోతుంది, షాఫ్టును గీరదు. ఆయిల్ అందకపోతే ముందు అరిగేది, కరిగేది ఈ పూతే. మార్చడానికి వీలైన చిన్న భాగం అరిగి, ఖరీదైన షాఫ్టునూ బ్లాకునూ కాపాడుతుందన్నమాట. ఇప్పటి చాలా ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్ అల్యూమినియం హెడ్డులోనే నేరుగా తిరుగుతుంది, విడి బేరింగు ఉండదు. అక్కడ అరిగితే హెడ్డునే బాగుచేయాలి, లేదా మార్చాలి.

బేరింగు అరిగిందని ఎలా తెలుస్తుంది? మొదటి లక్షణం ఆయిల్ ఒత్తిడి తగ్గడం. నీళ్ల పైపుకు చిల్లు పడితే చివర ధార సన్నబడినట్లు, అరిగిన బేరింగు దగ్గర ఆయిల్ ఎక్కువగా కారిపోయి మిగతా భాగాలకు చాలదు. ఇంజిన్ వేడెక్కి నిదానంగా తిరుగుతున్నప్పుడు ఇది బాగా బయటపడుతుంది. రెండోది శబ్దం. మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను బ్లాకుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. ఇంజిన్ వేగంలో సగం లయతో కొట్టుకుంటే అనుమానం క్యామ్‌షాఫ్ట్ వైపు వెళుతుంది. పైన చెప్పిన లెక్క ఇక్కడే పనికొస్తుంది. మూడోది ఆయిల్ తీసినప్పుడు కనబడే వెండి రంగు పొడి.

అయితే ఈ మూడూ అనుమానాలే. వాల్వుల దగ్గర ఖాళీ పెరిగినా అదే లయతో టాపెట్ సౌండ్ వస్తుంది. పంపు బలహీనపడినా, క్రాంక్‌షాఫ్ట్ బేరింగులు అరిగినా ఆయిల్ ఒత్తిడి తగ్గుతుంది. అందుకే మంచి మెకానిక్ సులువైన పరీక్షలు ముందు చేస్తాడు. ఆయిల్ మట్టం చూస్తాడు, వేరే గేజీ బిగించి ఒత్తిడి కొలుస్తాడు, టాపెట్లు సరిచేసి మళ్లీ వింటాడు. ఇవన్నీ అయ్యాకే ఇంజిన్ విప్పుతాడు. విప్పాక షాఫ్టును మైక్రోమీటరుతో, బేరింగు లోపలి వ్యాసాన్ని బోర్ గేజీతో కొలుస్తారు. రెండింటి తేడాయే ఖాళీ. అది కంపెనీ చెప్పిన హద్దు దాటితే బేరింగు అరిగినట్లే.

ఇక మార్చే పని. ఇంజిన్‌ను కిందికి దించి, రాకర్లు, పుష్ రాడ్లు, టాపెట్లు, టైమింగ్ చైను, క్యామ్‌షాఫ్ట్ నడిపే ఆయిల్ పంపు, డిస్ట్రిబ్యూటర్ల అమరిక విప్పి, షాఫ్టును మెల్లగా బయటికి లాగుతారు. పాత బేరింగులను సరైన కొలత పనిముట్టుతో నెట్టేస్తారు. మూడింటి కొలతలూ వేర్వేరు, ముందుది పెద్దది, వెనకది చిన్నది. కొత్తవి ఎక్కించేటప్పుడు బేరింగులోని రంధ్రం బ్లాకులోని ఆయిల్ రంధ్రంతో సరిగ్గా కలవాలి. కాస్త పక్కకు తిరిగి రంధ్రం మూసుకుపోతే ఆయిల్ అందక కొత్త బేరింగు కూడా త్వరలోనే పాడవుతుంది. తర్వాత మూడూ ఒకే వరుసలో, సరైన కొలతకు వచ్చేలా లోపల రీమర్ పడతారు. రజను లేకుండా ఆయిల్ దారులన్నీ కడుగుతారు. ఆయిల్ పట్టించి షాఫ్టు ఎక్కించాక అది చేత్తో తిప్పితే సాఫీగా తిరగాలి. చివరగా టైమింగ్ గుర్తులు కలిపి బిగిస్తారు.

ఇంత పనిలోనూ చాలామంది వదిలేసేది ఒకటుంది. పాత బేరింగును పారేయకుండా వెలుతురులో చూడాలి. గీతలు పడి ఉంటే ఆయిల్‌లో మురికి చేరిందని అర్థం. పూత నల్లబడి కరిగి ఉంటే ఆయిల్ అందలేదు. బేరింగులు సమానంగా కాక ఒక్కో చోట ఒక్కోలా అరిగి ఉంటే షాఫ్టు వంగిందేమో చూడాలి. ఆ కారణాన్ని సరిచేయకుండా కొత్త బేరింగు వేస్తే కొన్నాళ్లకు అదీ పాతదాని దారే పడుతుంది.

ఇది నిపుణులు చేసే పని. నడుస్తున్న ఇంజిన్ దగ్గర మీరు చేతులు పెట్టవద్దు. మీరు చేయగలిగింది ఒకటుంది. ప్రయాణంలో ఆయిల్ డబ్బా బొమ్మ ఉన్న ఎర్ర దీపం వెలిగితే వెంటనే నాన్నగారికో, అమ్మగారికో, డ్రైవరు అన్నయ్యకో చెప్పండి. బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. వచ్చే ఊళ్లో చూసుకుందామని నడిపిస్తే, బేరింగుతో పోయేది షాఫ్టు దాకా వస్తుంది. జాయినింగ్ ఒకరోజు ఆలస్యమైతే సర్దుకోవచ్చు, ఇంజిన్ పట్టేస్తే అంత తేలిగ్గా బాగుకాదు.