వార్తల్లో పదం: సమ్మిళితత్వం

ఈక్విటీ, డైవర్సిటీ, ఇన్‌క్లూజన్ అని ఆస్పత్రులు ఇప్పుడు మాట్లాడుకుంటున్నది దీని గురించే. సీటు ఇచ్చి ఊరుకోకుండా, వచ్చినవాళ్లు పని నేర్చుకుని ఎదిగేలా చూడటమే సమ్మిళితత్వం. సర్జరీ విభాగాల్లో దీని అవసరం మరీ ఎక్కువ.

తిరుపతిలో స్విమ్స్ వైద్య సంస్థ కింద శ్రీపద్మావతి మహిళా వైద్య కళాశాల 2014లో 150 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. మరి అక్కడ చదివే అమ్మాయిల్లో సర్జన్ కావాలనుకునేవారికి ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉందా? 6 లేదా 6.5 సైజు గ్లౌజు వేసుకునే చేతికి లాప్రోస్కోపిక్ స్టేప్లర్ పిడి సరిగా చిక్కదు. అది పెద్ద చేతుల కొలతకు చేసింది. టేబుల్‌ను పొడుగు సర్జన్‌కు సరిపడా ఎత్తితే, పొట్టిగా ఉన్న అసిస్టెంట్ భుజాలు ఎగబట్టుకుని గంటలకొద్దీ నిలబడాలి. కాళ్ల కింద స్టూలు వేస్తే తీరే బాధను చూపి ‘సర్జరీ ఆడవాళ్లకు కష్టం’ అని తేల్చేయడం అన్యాయం. రాత్రి డ్యూటీలో గడియపడే విశ్రాంతి గది, పెద్ద కేసుల్లో కత్తి ఎవరి చేతికిస్తున్నారన్న లెక్క కూడా సమ్మిళితత్వంలో భాగమే.

సమ్మిళితత్వం ఆడవాళ్ల విషయంతోనే ఆగదు, వైకల్యం ఉన్నవాళ్లకూ చోటుండాలి. వైకల్య శాతం ఒక్కటే చూసి ఎంబీబీఎస్ సీటు నిరాకరించరాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

రోగులకూ సమ్మిళితత్వం వర్తిస్తుంది. చిత్తూరు సరిహద్దుల్లో తమిళం, కన్నడం మాట్లాడే కుటుంబాలు ఎన్నో. సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించుకునే ముందు, ఎక్కడ కోస్తారో, ఎందుకు కోస్తారో వాళ్ల భాషలోనే చెప్పాలి.