మొత్తం వేరు, వరుస వేరు – ఆటల రికార్డులు ఎలా చదవాలి?



మన హాస్టల్లో పొద్దున పేపరు రాగానే ముందు విడిపోయేది ఆటల పేజీ. టిఫిన్ లైనులో నిలబడే సగంమంది దాన్ని చదివేస్తారు. అందులో 'కొత్త రికార్డు', 'అరుదైన మైలురాయి', 'వరుసగా ఇన్నోసారి' అన్న మాటలు లేని రోజు ఉండదు. మేమూ ఆ మాటలు చదువుతూ వాదించుకుంటూ పెరిగినవాళ్ళమే. అయితే రికార్డులన్నీ ఒక్క తీరువి కావు. ఒక అంకె గొప్పదో కాదో తెలియాలంటే అది ఏ జాతి అంకెో ముందు తెలుసుకోవాలి. ఈ వార్షికోత్సవ సంచికలో దాని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముఖ్యంగా రెండు జాతులున్నాయి. మొదటిది మొత్తం. ఆడిన ప్రతిరోజూ కొంచెం కొంచెంగా కూడేది. డిబ్బీలో వేసిన డబ్బుల్లాగా ఒకరోజు వేయకపోయినా అంతకుముందు వేసినవి ఎక్కడికీ పోవు. రెండోది వరుస. ఇది హాజరు పట్టీ లాంటిది. జూన్ నుంచి మార్చి దాకా ఒక్కరోజూ మానకుండా వచ్చినవాడు ఏప్రిల్లో ఒక్కరోజు రాకపోతే నూటికి నూరు హాజరు పోయినట్టే. మొత్తం ఎంత చేశారో చెబుతుంది. వరుస మాత్రం ఎన్నాళ్ళు తప్పిపోకుండా నిలబడ్డారో చెబుతుంది.

ఈ అంకెల పిచ్చి బాగా ముదిరిన దేశం అమెరికా. వాళ్ళు ఫుట్‌బాల్ అని పిలిచే ఆటలో బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. ఎదుటివాళ్ళు మన కబడ్డీలో కూతకొచ్చినవాడిని పట్టినట్టు పట్టి పడేస్తారు. ఎన్ని గజాలు పరుగెత్తారో అంగుళం వదలకుండా రాసిపెడతారు. ఆ ఆటలో బంతి విసిరి ఆటను నడిపించే బ్రెట్ ఫార్వ్ అనే ఆటగాడు 1992 నుంచి 2010 దాకా వరుసగా 297 లీగ్ మ్యాచ్‌ల్లో మొదటినుంచీ బరిలోకి దిగాడు. అంతగా దెబ్బలు తగిలే ఆటలో పద్దెనిమిదేళ్ళపాటు ఒక్క మ్యాచ్‌కీ తప్పుకోలేదన్నమాట.

అదే ఆటలో ఇంకో లెక్క చూడండి. 1973లో ఓ.జె. సింప్సన్ ఒక సీజన్‌లో 2003 గజాలు పరుగెత్తాడు. 1984లో ఎరిక్ డికర్సన్ 2105 గజాలతో దాన్ని దాటేశాడు. పేపరులో ఒక్క వాక్యంతో అయిపోయే వార్త ఇది. కానీ సింప్సన్ ఆడినప్పుడు సీజన్‌కి 14 మ్యాచ్‌లు, డికర్సన్‌కి వచ్చేసరికి 16. మ్యాచ్‌కి ఎంత అని భాగహారం చేస్తే సింప్సన్‌కి 143 గజాలు, డికర్సన్‌కి 132 గజాలకు కొంచెం తక్కువ. రికార్డు డికర్సన్‌దే, అందులో తేడా లేదు. కానీ రెండు మ్యాచ్‌లు ఎక్కువ దొరికాయన్న సంగతి ఆ అంకెలో కనపడదు. ఎన్ని అవకాశాలు దొరికాయి అన్న ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి. మన దగ్గరి కథకు అదే కీలకం.

మన దగ్గరి కథ మిథాలీ రాజ్‌ది. పుట్టింది జోధ్‌పూర్‌లో, తమిళ కుటుంబం. పెరిగి ఆట నేర్చుకున్నది సికింద్రాబాద్‌లో. తర్వాత మన దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగం. 1999లో ఐర్లాండ్ మీద ఆడిన మొదటి వన్డేలోనే 114 నాటౌట్. అప్పటికి వయసు 16 ఏళ్ళ 205 రోజులు. వన్డేల్లో అంత చిన్న వయసులో సెంచరీ కొట్టిన అమ్మాయి అప్పటికి లేదు. 2021లో ఐర్లాండ్‌కే చెందిన ఏమీ హంటర్ సరిగ్గా తన పదహారో పుట్టినరోజున సెంచరీ కొట్టేదాకా, అంటే 22 ఏళ్ళు, ఆ రికార్డు నిలిచింది. ఈ 'చిన్న వయసు' రికార్డులు మొత్తానికీ వరుసకీ చెందని మూడో జాతి. మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళ 1 నెల 27 రోజులకు గ్రాండ్‌మాస్టర్ అయి, జుడిత్ పోల్గార్ రికార్డును మూడు నెలల తేడాతో దాటింది. దాన్ని 2008లో చైనా అమ్మాయి హౌ యిఫాన్ దాటింది. ఇవి ఎవరో ఒకరు తప్పక దాటే రికార్డులు. ఈ విషయం ఇక్కడితో వదిలేద్దాం.

మిథాలీ మొత్తం ముందు చూద్దాం. 2022లో ఆట మానేసేటప్పటికి 232 వన్డేలు, 211 ఇన్నింగ్స్, 7805 పరుగులు. మహిళల వన్డేల్లో అందరికంటే ఎక్కువ. సగటు 50.68. ఇక్కడ మన తమ్ముళ్ళు 7805ని 211తో భాగించి 'అన్నా, 37 కూడా రావట్లేదేంటి' అంటారు. సగటుకు ఇన్నింగ్స్‌తో భాగించరు, అవుటైన సార్లతో భాగిస్తారు. ఆమె 57 సార్లు నాటౌట్‌గా మిగిలింది. 211లోంచి 57 తీసేస్తే 154. 7805ని 154తో భాగిస్తే 50.68. జట్టును గెలిపించి చివరిదాకా నిలబడినవాళ్ళకు ఈ పద్ధతిలో న్యాయం జరుగుతుంది. మధ్యలో దిగి నాలుగు బంతులాడి నాటౌట్‌గా వచ్చేవాళ్ళకు కొంచెం అదనపు లాభమూ జరుగుతుంది. అది వేరే సంగతి.

మైలురాయి ఒక్కోసారి సంతోషపడలేని రోజున వస్తుంది. 2017 జులై 12న ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా మీద ఆడుతూ మిథాలీ ఇంగ్లండ్ క్రీడాకారిణి షార్లెట్ ఎడ్వర్డ్స్ చేసిన 5992 పరుగులను దాటింది. ఆ వెంటనే సిక్స్ కొట్టి 6000 మార్కు దాటిన మొదటి మహిళ అయింది. ఎడ్వర్డ్స్‌కి 180 ఇన్నింగ్స్ పడితే మిథాలీకి 164 సరిపోయాయి. ఆ మ్యాచ్ మాత్రం మనవాళ్ళు ఓడిపోయారు.

ఇక వరుస సంగతి. అదే 2017లో మిథాలీ వరుసగా ఏడు వన్డే ఇన్నింగ్స్‌లో యాభై, ఆ పైన కొట్టింది. అంతకుముందు లిండ్సే రీలర్, ఎడ్వర్డ్స్, ఎలిస్ పెర్రీ ఆరు దగ్గర ఆగారు. మగవాళ్ళలో 1987లో జావెద్ మియాందాద్ వరుసగా తొమ్మిది చేశాడు. మిథాలీ ఏడోది జూన్ 24న డెర్బీలో ఇంగ్లండ్ మీద కొట్టిన 71. ఆరోజు ప్యాడ్లు కట్టుకుని తన వంతు కోసం కూర్చుని పుస్తకం చదువుకుంటున్న ఆమె ఫోటో చాలా పేపర్లలో వచ్చింది. (పరీక్షల ముందు రోజు మన డార్మిటరీలో కూడా అంత ప్రశాంతంగా పుస్తకం చదివేవాళ్ళు కనపడరు!) ఐదు రోజుల తర్వాత టాంటన్‌లో వెస్టిండీస్ మీద 46 దగ్గర అవుటైంది. నాలుగు పరుగులు తక్కువై వరుస ఆగింది. మొత్తానికి ఆ 46 కూడా కలిసింది కానీ వరుసకు అది సున్నాతో సమానం.

ఇది ఎంత అరుదో ఇంటర్ లెక్కల్లో వచ్చే సంభావ్యతతో తేల్చవచ్చు. మిథాలీకి 7 సెంచరీలు, 64 అర్ధసెంచరీలు, మొత్తం 71. ఆడినవి 211 ఇన్నింగ్స్. అంటే మూడింట ఒకసారి యాభై దాటినట్టు. ఒక ఇన్నింగ్స్‌కీ ఇంకోదానికీ సంబంధం లేదనుకుంటే, ఏడు వరుసగా రావటానికి మూడింట ఒకటిని ఏడుసార్లు హెచ్చవేయాలి. 2187లో ఒకటి వస్తుంది. అయితే ఆ వరుస 211 ఇన్నింగ్స్‌లో ఎక్కడైనా మొదలుకావచ్చు కాబట్టి అవకాశం కొంత పెరిగి, మొత్తం ఆటజీవితంలో ఒకసారి ఇది జరిగే వీలు సుమారు పదహారింట ఒకటి అవుతుంది. అంటే మిథాలీ అంత బాగా ఆడేవాళ్ళు పదహారుమంది ఉంటే వాళ్ళలో ఒక్కరికి దక్కేది. ప్రతిభ ఉంటేనే మూడింట ఒకసారి యాభై వస్తుంది. వరుస రావాలంటే దానికి రోజులూ కలిసిరావాలి.

జట్ల వరుసకూ ఇదే లెక్క. విజయవాడ దాటి హైదరాబాద్ రోడ్డులో ఇబ్రహీంపట్నం తర్వాత వచ్చే మూలపాడు మన కుర్రాళ్ళందరికీ తెలిసిందే. 2016 నవంబరులో అక్కడి మైదానంలో మిథాలీ కెప్టెన్సీలో భారత జట్టు వెస్టిండీస్‌ని వన్డేల్లో 3–0తో ఓడించింది. 2016 ఫిబ్రవరి నుంచి 2017 మే దాకా మన అమ్మాయిలు వరుసగా గెలిచిన 16 వన్డేల్లో ఆ మూడూ ఉన్నాయి. తమాషా ఏమిటంటే అదే మూలపాడులో అదే నెలలో టీ20ల్లో వెస్టిండీసే 3–0తో గెలిచింది. కానీ వన్డే వరుసకు టీ20 ఓటమి అంటదు. కాబట్టి వరుస అనగానే 'దేనిలో?' అని అడగాలి.

ఆస్ట్రేలియా అమ్మాయిల వరుస ఇంకా పెద్దది. 2018 మార్చిలో వడోదరలో భారత్ మీద గెలుపుతో మొదలై 26 వన్డేలు నడిచింది. 2003లో ఆ దేశపు మగవాళ్ళు గెలిచిన 21 కంటే ఎక్కువ. పది మ్యాచ్‌లకు తొమ్మిది గెలిచే జట్టయినా అనుకున్న రోజునుంచి వరుసగా 26 గెలిచే అవకాశం పదిహేనింట ఒకటికి మించదు. పదింట తొమ్మిదిని 26 సార్లు హెచ్చవేసి మీరే చూసుకోండి, అనగా 0.9ని. ఆ 26వ గెలుపు 2021 సెప్టెంబరు 24న మెకాయ్‌లో వచ్చింది. జులన్ గోస్వామి వేసిన చివరి బంతికి క్యాచ్ పట్టి మనవాళ్ళు సంబరాలు మొదలుపెట్టారు. అంపైర్లు చూసి బంతి నడుముకంటే ఎత్తుగా వచ్చిందని నోబాల్ అన్నారు. మళ్ళీ వేసిన బంతికి ఆస్ట్రేలియా రెండు పరుగులు తీసి గెలిచింది. రెండు రోజుల తర్వాత అదే మైదానం. మన లక్ష్యం 265. ఎనిమిది వికెట్లు పోయాక చివరి ఓవర్లో అదే జులన్ ఫోర్ కొట్టి, మూడు బంతులు మిగిలి ఉండగానే గెలిపించింది. మిథాలీయే కెప్టెన్. భారత్ మీద మొదలైన వరుస భారత్ చేతిలోనే ఆగింది.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న ప్రశ్నకు వద్దాం. మిథాలీ 2004 నుంచి 2013 దాకా భారత్ ఆడిన వన్డేల్లో వరుసగా 109 ఆడింది. మహిళల్లో అది రికార్డు. సచిన్ టెండూల్కర్ 1990 నుంచి 1998 దాకా వరుసగా 185 వన్డేలు ఆడాడు. సచిన్‌కి 185 మ్యాచ్‌లకు ఎనిమిదేళ్ళు పట్టాయి. మిథాలీకి 109కే తొమ్మిదేళ్ళు దగ్గరపడింది. ఇద్దరూ ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. ఆమెకు మ్యాచ్‌లే పెట్టలేదు.

టెస్టుల్లో ఇది మరీ ఘోరం. 2002లో లక్నోలో మొదటి టెస్టులో మిథాలీ సున్నాకు అవుటైంది. అదే ఏడాది ఆగస్టులో టాంటన్‌లో, 19 ఏళ్ళ వయసులో, 214 కొట్టి కరెన్ రోల్టన్ 209 రికార్డును దాటింది. 2004లో పాకిస్తాన్ అమ్మాయి కిరణ్ బలోచ్ 242తో దాన్ని దాటింది. అలాంటి బ్యాట్స్‌మన్ తన మొత్తం జీవితంలో ఆడిన టెస్టులు 12. 2006 ఆగస్టు నుంచి 2014 ఆగస్టు దాకా భారత మహిళలకు ఒక్క టెస్టూ లేదు. 2014లో రెండు ఆడి, మళ్ళీ 2021 దాకా లేదు. టెస్టుల్లో ఆమె పేరున 699 పరుగులే ఉన్నాయంటే అది ఆమె లెక్క కాదు, షెడ్యూలు వేసినవాళ్ళ లెక్క అని మా అభిప్రాయం. మహిళల క్రికెట్‌ను బి.సి.సి.ఐ. తన కిందకు తీసుకున్నది 2006లో, అమ్మాయిలకు సెంట్రల్ కాంట్రాక్టులు ఇచ్చింది 2015లో, మ్యాచ్ ఫీజు మగవాళ్ళతో సమానం చేసింది 2022లో.

విజయవాడ ఆటోడ్రైవరు కూతురు రావి కల్పన 2015లో న్యూజిలాండ్ మీద వికెట్‌కీపర్‌గా భారత జట్టులోకి వచ్చింది. పట్టుమని పది వన్డేలు కూడా ఆడలేదు. ఏ రికార్డుల పట్టికలోనూ ఆ పేరు పైన ఉండదు. అయినా 2025 అక్టోబరు 12న విశాఖ స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ పేరు పెట్టినప్పుడు, ఒక గేటుకు కల్పన పేరు పెట్టారు. ఆరోజు అక్కడే స్మృతి మంధాన వన్డేల్లో 5000 పరుగులు దాటింది. అదే మ్యాచ్‌లో ఆస్ట్రేలియా 331 లక్ష్యాన్ని అందుకుని మహిళల వన్డేల్లో ఛేజింగ్ రికార్డు పెట్టింది. అది పద్దెనిమిది రోజులే నిలిచింది. అక్టోబరు 30న నవీ ముంబై సెమీఫైనల్లో మనవాళ్ళు అదే ఆస్ట్రేలియా మీద 339 కొట్టేశారు. ప్రపంచకప్‌లలో ఆస్ట్రేలియా వరుసగా గెలుస్తూ వచ్చిన 15 మ్యాచ్‌ల పరంపర కూడా ఆరోజే ఆగింది.

ఇవన్నీ మనం ఇంత వివరంగా చెప్పుకోగలుగుతున్నామంటే ఎవరో ఒకరు స్కోరుబుక్కు పక్కన కూర్చుని రాశారు కాబట్టే. మన పూర్వ విద్యార్థులు వచ్చినప్పుడల్లా 'మా బ్యాచ్ కబడ్డీలో మూడేళ్ళు ఓడిపోలేదు' అంటే 'మేం నాలుగేళ్ళు' అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. తేల్చటానికి కాగితం కావాలి. అందుకని ఈ ఏడాదినుంచి హాస్టల్లో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. తేదీ, ఆట, ఎదుటి జట్టు, ఎవరెవరు దిగారు, స్కోరు, క్రికెట్ అయితే ఎవరు నాటౌట్, ఇవి రాయాలి. ఓడిన మ్యాచ్ కూడా రాయాలి, లేకపోతే వరుస ఎక్కడ ఆగిందో తెలియదు. అన్నలూ, మీ దగ్గర పాత సర్టిఫికెట్లు, టీమ్ ఫోటోలు ఉంటే వెనకాల తేదీ రాసి ఒక జిరాక్స్ ఇవ్వండి. నోట్‌బుక్ గేమ్స్ సెక్రటరీ పెట్టెలో ఉంటుంది.