మోటారు సైకిలుకు గేర్లు పడనప్పుడు



ఒకప్పుడు రైతు ఇంట్లో ఎడ్లబండి ఎలాంటిదో ఈనాడు మోటారు సైకిలు అలాంటిది. తెల్లవారుజామున పాల క్యాన్లు కేంద్రానికి చేరాలన్నా, ఎరువు బస్తా చేను గట్టుకు చేరాలన్నా దాని మీదనే. నాట్ల రోజుల్లో అది గేర్లు పడక మొరాయిస్తే పని నిలిచిపోతుంది. అంతేకాదు, బరువుతో కాలువ గట్టు ఎక్కుతున్నప్పుడు గేరు ఊడిపోతే బండి వెనక్కు జారుతుంది. అది ప్రాణానికే ముప్పు. కనుక ఈ విషయం గురించి ఈనాడు కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ముందుగా ఒక్క మాట. గేర్లు పడడం లేదనగానే గేర్‌బాక్సు పోయిందనుకుని ఇంజను విప్పించకండి. జబ్బు గేర్ల దగ్గర కనిపిస్తుంది గాని, దాని మూలం తరచుగా బయటే ఉంటుంది. ఖర్చు లేనిది ముందు చూడాలి, ఖర్చయ్యేది తరవాత చూడాలి. ఇంజను విప్పడం అన్నిటికంటే చివరి పని.

అసలు గేరు ఎలా మారుతుంది? ఎడ్లు బలంగా లాగుతున్నప్పుడు కాడి సీల ఊడదియ్యడం ఎవరి తరమూ కాదు. పగ్గం పట్టి ఎడ్లను ఒక్క క్షణం నిలిపితే సీల సులువుగా వచ్చేస్తుంది. క్లచ్ చేసే పని కూడా ఇదే. క్లచ్ పట్టినప్పుడు ఇంజను లాగుడు గేర్ల మీద పడకుండా ఆగుతుంది. ఆ సందులో ఒక గేరు విడిపోయి మరొకటి పట్టుకుంటుంది. లాగుడు పూర్తిగా ఆగకపోతే గేరు బిగుసుకుంటుంది, లేదా పెద్ద చప్పుడుతో పడుతుంది.

ఇప్పుడు ఒక పరీక్ష. ఇంజను ఆపి, తాళం తీసి, బండిని సెంటర్ స్టాండు మీద నిలపండి. వెనుక చక్రాన్ని టైరు పట్టుకుని చేత్తో మెల్లగా తిప్పుతూ, గేర్లు ఒక్కొక్కటే వేసి చూడండి. చైను దగ్గరకు వేళ్లు పోనివ్వవద్దు. ఇంజను ఆగి ఉన్నప్పుడు గేర్లన్నీ సాఫీగా పడి, నడుస్తున్నప్పుడు మాత్రం పడకపోతే, ముందుగా క్లచ్‌ను అనుమానించాలి. ఆగి ఉన్నప్పుడు కూడా పడకపోతే పెడల్ దగ్గరో, ఇంజను లోపలో అడ్డు ఉన్నదన్న మాట.

క్లచ్ సంగతి చూద్దాం. క్లచ్ లివరు పట్టగానే మొదట కొంచెం దూరం ఊరికే కదులుతుంది. దీన్నే మెకానిక్కులు ఫ్రీ ప్లే అంటారు. లివరు కొన దగ్గర ఇది సుమారు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. మీ బండితో ఇచ్చిన పుస్తకంలో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి. ఈ వదులు మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు. గేర్లు బిగుసుకుంటాయి, బండి ఆగినప్పుడు న్యూట్రల్ దొరకదు, మొదటి గేరు వెయ్యగానే బండి ముందుకు ఎగురుతుంది. అసలు వదులే లేకపోతే క్లచ్ జారుతుంది. ఇంజను రొద పెరుగుతుంది గాని బండి కదలదు, ప్లేట్లు మాడిపోతాయి. సర్దుబాటు చేసే నట్టు క్లచ్ వైరు వెంబడే ఉంటుంది. వైరు పోగులు లివరు దగ్గర తెగుతూ ఉంటే సర్దుబాటుతో సరిపెట్టుకోక కొత్త వైరు వేయించండి. హ్యాండిలును అటూ ఇటూ పూర్తిగా తిప్పినప్పుడు కూడా వదులు మారకూడదు.

రెండోది గేరు పెడల్. బండి పక్కకు పడినప్పుడు పెడల్ వంగి ఇంజనుకు తగులుతుంది. దమ్ము చేసిన మడిలోంచి వచ్చిన బురద దాని కింద ఎండి గట్టిపడుతుంది. పెడల్‌ను పట్టి ఉంచే బోల్టు వదులైతే కాలు కదులుతుంది గాని గేరు కదలదు. ఇవి కడిగి బిగించుకుంటే పోయే లోపాలు. తొక్కిన పెడల్ తిరిగి పైకి రాకపోతే మాత్రం లోపలి స్ప్రింగు సంగతి. అది మెకానిక్కు చూడాలి.

మూడోది ఆయిలు. ఇప్పుడు మన ఊళ్లలో తిరిగే 100, 125 సీసీ బండ్లలో ఇంజనుకు, గేర్లకు, క్లచ్‌కు ఆయిలు ఒక్కటే. పాత బుల్లెట్లలో గేర్‌బాక్సు వేరు, దాని ఆయిలు కూడా వేరు. ఆయిలు తగ్గినా, మరీ పాతబడినా గేర్లు మొరటుగా పడతాయి. పాలు కలిసిన టీ రంగులో కనిపిస్తే నీళ్లు చేరినట్లు గుర్తు, వెంటనే మార్చాలి. ఇంట్లో మిగిలింది కదా అని ట్రాక్టరు ఆయిలు గాని, కారు ఆయిలు గాని పొయ్యకండి. మోటారు సైకిలు క్లచ్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది గనుక, తగని ఆయిలు పోస్తే ప్లేట్లు జారవచ్చు. డబ్బా మీద పుస్తకంలో చెప్పిన గ్రేడుతో పాటు జాసో ఎంఏ అనే గుర్తు ఉన్నదేమో చూడండి. తీసిన పాత ఆయిలును కాలువలోకి వదలవద్దు.

నాలుగోది చైను. కింది వరస మధ్యలో వేలితో ఎత్తి దించితే చాలా బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల కదలిక ఉంటే సరి. దీనికి కూడా పుస్తకమే ప్రమాణం. మరీ వదులైతే గేరు మారినప్పుడల్లా కుదుపు వస్తుంది, తప్పు గేరుదే అనిపిస్తుంది. స్ప్రాకెట్ పళ్లు కొడవలి కొనల్లా వంగితే చైను, స్ప్రాకెట్లు కలిపి మార్చాలి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా, ఏదో ఒక గేరు మాత్రమే బరువు పడినప్పుడల్లా ఊడిపోతూ ఉంటే అది నిజంగా లోపలి జబ్బే. గేరు పళ్లు అరిగి ఉండవచ్చు, గేరును జరిపే ఫోర్కు వంగి ఉండవచ్చు. తీసిన ఆయిల్లో ఇనుప రజను కనిపిస్తే అనుమానం బలపడుతుంది. కాలితో పెడల్‌ను అదిమి పట్టి నడిపించుకోవడం ప్రమాదం. అటువంటి బండి మీద బరువు వెయ్యకండి, మనిషిని ఎక్కించకండి. ఇంజను విప్పించడానికి వెనుకాడవలసిన పని లేదు.

జబ్బు కానివి కూడా కొన్ని ఉన్నాయి. నిలిచి ఉన్న బండికి మొదటి గేరు ఒక్కోసారి పడదు. లోపలి పళ్లు ఎదురెదురుగా నిలవడమే కారణం. క్లచ్ వదిలి మళ్లీ పట్టండి, లేదా బండిని ఒక అడుగు ముందుకూ వెనక్కూ జరపండి, పడుతుంది. అలాగే కొన్ని బండ్లలో మునివేళ్లతో తొక్కితే గేరు పెరుగుతుంది, మరికొన్నిటిలో తగ్గుతుంది. పాత బుల్లెట్లకు పెడల్ కుడివైపు ఉంటుంది. పొరుగువారి బండి తీసుకున్నప్పుడు ముందుగా ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

మెకానిక్కు దగ్గరకు వెళ్లినప్పుడు ‘గేర్లు బాగా లేవు’ అని ఊరుకోవద్దు. పైరుకు తెగులు వస్తే ఏ ఆకు, ఏ మచ్చ, ఎన్నాళ్లుగా అని చెబుతారు కదా. అదే విధంగా ఏ గేరు, ఇంజను వేడెక్కాకనా ముందా, బరువు ఉన్నప్పుడా లేనప్పుడా అన్నది చెప్పండి. మీరు వివరం చెబితే అవసరం లేని విప్పుడు తప్పుతుంది.

విస్తరణ సిబ్బంది గ్రామ సమావేశాల్లో సెంటర్ స్టాండు పరీక్షను ఒకసారి చేసి చూపిస్తే చాలామందికి మేలు జరుగుతుంది. క్రమం మరొకసారి జ్ఞాపకం చేస్తాను: క్లచ్ వైరు, పెడల్, ఆయిలు, చైను, ఆ తరవాతే ఇంజను. నాట్లు మొదలు కాకముందే ఒక పూట తీరిక చేసుకుని వీటిని చూసుకోండి.