వంగిన వెన్నును దాచవద్దు

ఆడపిల్ల భుజాలలో ఒకటి ఎత్తుగా కనిపిస్తే, “సరిగా నిలబడమ్మా” అని మందలించి ఊరుకోవడం మన ఇండ్లలో పరిపాటి. అయితే ఆ వంపు నిలబడే తీరులో గాక వెన్నెముకలోనే ఉండవచ్చు. వెన్నెముక పక్కకు వంగుతూ మెలితిరిగే ఈ స్థితిని వైద్యులు స్కోలియోసిస్ అంటారు. కౌమారంలో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇది కనిపిస్తుంది. పెద్ద వంపులు ఆడపిల్లల్లోనే ఎక్కువ. చాలామందిలో కారణం తెలియదు. బడిసంచి బరువు గానీ, తల్లి పెంపకం గానీ దీనికి కారణం కాదు.

గుర్తించడం సులభమే. పాదాలు చేర్చి, మోకాళ్ళు మడవకుండా, రుకూలో వలె పిల్లను వంగమనాలి; చేతులను మాత్రం మోకాళ్ళపై ఆనించక కిందికి వదలాలి. వెనుక నుంచి చూసినప్పుడు వీపు ఒకవైపు ఉబ్బెత్తుగా ఉంటే ఎముకల వైద్యునికి చూపించాలి. వదులైన దుస్తుల మాటున ఈ వంపు ఏళ్ల తరబడి కంటపడకపోవచ్చు.

ఆలస్యమే అసలు నష్టం. ఎదిగే వయసులో వంపు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే, బ్రేస్ అనే గట్టి కవచాన్ని రోజులో అధిక భాగం ధరింపజేస్తారు. అమెరికా, కెనడాలలో జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో, బ్రేస్ చికిత్స పొందినవారిలో 72 శాతం మందికి వంపు 50 డిగ్రీలకు చేరకుండానే ఎదుగుదల ముగిసింది. పొందనివారిలో అది 48 శాతమే. ఎదుగుదల ఆగిన పిమ్మట బ్రేస్ వల్ల ప్రయోజనం లేదు. సంబంధాలు తప్పిపోతాయని దాచే కుటుంబాలు పోగొట్టుకునేది ఈ అవకాశాన్నే.

వంపు 45, 50 డిగ్రీలు దాటితే శస్త్రచికిత్సను సూచిస్తారు. అంతటి వంపు పెద్దయ్యాక కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. మరీ పెరిగితే ఊపిరితిత్తులకు చోటు తగ్గి ఆయాసం కలుగుతుంది. పోలియో వల్ల వెన్ను వంగిన పిల్లల కోసం హ్యూస్టన్ వైద్యుడు పాల్ హారింగ్టన్ ఉక్కు కడ్డీని రూపొందించి, 1962లో ఆ పద్ధతిని ప్రకటించారు. నేడు వెన్నుపూసలలో స్క్రూలు బిగించి, వాటికి రెండు కడ్డీలు అమర్చి, వంపును సరిదిద్ది, ఎముక ముక్కలు పేర్చుతారు. కొన్ని నెలల్లో ఆ పూసలు ఒకే ఎముకగా అతుక్కుంటాయి. ఆపరేషన్ సాగుతున్నంతసేపు వెన్నుపాము సంకేతాలను యంత్రాలతో గమనిస్తారు.

ఒకటి రెండు రోజుల్లోనే నడిపిస్తారు. చాలామంది నెల, నెలన్నరలో బడికి వెళ్తారు. ఇన్ఫెక్షన్, అరుదుగా నరాలకు హాని వంటి ప్రమాదాలు లేకపోలేదు. అతికిన భాగం ఇక వంగదు. వెన్ను పూర్తిగా నిటారు కాకపోవచ్చు. ఇవన్నీ సర్జన్‌ను ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

ఈ ఆపరేషన్ మాతృత్వానికి అడ్డు కాదు. అయితే కాన్పు సమయంలో నడుముకు మత్తు సూది వేయడం కష్టం కావచ్చు గనుక, ఆ సంగతి వైద్యులకు, అత్తవారింటికి ముందే తెలిసి ఉండాలి. దాచిన వంపు పెరుగుతుంది. చూపించిన వంపుకు చికిత్స ఉంది.