అంబాసిడర్ ముందు ‘గరగర’మంటోందా? టైమింగ్ చైను చూసుకోండి!

నెల్లూరు: పెళ్లివారిని కొండకు తీసుకెళ్లాలన్నా, మైపాడు నుంచి పురిటి మనిషిని అర్ధరాత్రి నెల్లూరు చేర్చాలన్నా ఒకప్పుడు బాడుగకు మాట్లాడుకునేది అంబాసిడర్‌నే. బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ దీని తయారీని 2014లో ఆపేసింది. అయినా పాత బండిని అమ్ముకోలేక, ఇంటి మనిషిలా చూసుకుంటున్న వారు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి బండి యజమానులు పైకి కనిపించే తుప్పును పట్టించుకున్నంతగా ఇంజను లోపలి టైమింగ్ చైనును పట్టించుకోరు. నడిరోడ్డున నిలబెట్టేది మాత్రం అదే.

ఏమిటీ చైను?

సైకిలు చైను లాంటిదే. ఇంజను ముందు భాగంలో, రేకు మూత వెనుక ఉంటుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాంషాఫ్టు ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ చైనే. తూము తీయాల్సిన వేళకు తీయకుంటే మడికి నీరు ఎలా అందదో, వాల్వులు వేళ తప్పితే ఇంజనుకు బలం అలాగే అందదు. పిన్నులు, రోలర్లు అరిగేకొద్దీ చైను సాగుతుంది. వదులైన చైను పన్ను దాటితే బండి స్టార్టు కాదు. ఒక్కోసారి వాల్వులు కూడా వంగుతాయి.

ఉప్పుగాలి తప్పు కాదు

సముద్రపు గాలి బాడీని, రేడియేటరును తినేస్తుంది. చైను మాత్రం ఆయిలు తడిలో ఉంటుంది కనుక దాన్ని అరగదీసేది మురికి ఆయిలే. కొట్టంలో నిలబెట్టి ఎప్పుడో ఒకసారి కొద్ది దూరం తిప్పే బండిలో ఇంజను పూర్తిగా వేడెక్కదు, ఆయిలులో చెమ్మ చేరుతుంది. కనుక కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికొకసారైనా ఆయిలు, ఫిల్టరు మార్చాలి.

ఎలా కనిపెట్టాలి?

ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ముందు వైపు గరగర శబ్దం, పికప్ తగ్గడం మొదటి గుర్తులు. స్విచ్ కట్టేసి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, టాప్ గేరులో బండిని మెల్లగా ముందుకు, వెనక్కు తోయండి. ఫ్యాను పుల్లీ కదిలిన చాలాసేపటికి గానీ రోటరు కదలకపోతే చైను వదులైనట్టు అనుమానించాలి. మూత తీసి చూస్తే సంగతి తేలిపోతుంది.

మార్చేటప్పుడు

పాత 1489 సీసీ పెట్రోలు ఇంజనుకు రేడియేటరు, పుల్లీ, మూత విప్పాలి. రెండు పళ్లచక్రాల మీద గుర్తులుంటాయి. విప్పే ముందు ఆ రెండు గుర్తులూ ఎదురెదురుగా వచ్చేలా క్రాంకును తిప్పి పెట్టుకోవాలి. చక్రాలను, చైనును కలిపి బయటికి లాగాలి. క్రాంకు చక్రం వెనుక ఉండే పల్చటి వాషర్లను పారేయకూడదు. ఆయిలు విసిరే పళ్లెం ఏ వైపు ఉన్నదో చూసుకుని అలాగే బిగించాలి. కొత్త ఆయిల్ సీలు, గాస్కెట్ తప్పనిసరి.

అరిగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే అదీ త్వరగానే అరుగుతుంది. చక్రాలు, టెన్షనర్ కూడా చూసి, అవసరమైతే అన్నీ ఒకేసారి మార్చడం మేలు. బిగించాక వెంటనే సెల్ఫ్ కొట్టవద్దు. క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ ఎదురెదురుగా వచ్చాయో లేదో చూడాలి. ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే ఆగి, మళ్లీ సరిచూసుకోవాలి. ఆ తరువాతే మూత వేయాలి. ఇసుజు ఇంజను, డీజిల్ బండ్ల పద్ధతి వేరు.

సామాను కోసం మద్రాసు వెళ్లేవారు పాత చైనును వెంట తీసుకెళ్లాలి. వరుసలు ఒకటా రెండా, లింకులు ఎన్ని అన్నది పక్కపక్కన పెట్టి లెక్కపెట్టాకే డబ్బు ఇవ్వాలి.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు. ఈసారి ఆయిలు మార్పించేటప్పుడు మెకానిక్కు చేత ఆ శబ్దం ఒకసారి వినిపించండి.