తాళం పడని ఇళ్ళు
సొంత ఇంటిని పట్నం కుర్రకారుకు విడిచిన కుటుంబాలు

పెద్దాయన పోయాడు. పెద్దకొడుకు హైదరాబాదులో, చిన్నవాడు బెంగుళూరులో, ఆడపిల్ల అత్తవారింట్లో. ఊళ్ళో నాలుగు గదుల మిద్దె, ముందు అరుగు, వెనుక పెరడు, పెరట్లో బావి. పెద్దకర్మ ముగిసి చుట్టాలు బండెక్కగానే వాకిలికి తాళం పడుతుంది. మళ్ళీ ఆ తాళం తీసేది సంక్రాంతికో, దసరాకో. మన జిల్లాలో ఏ ఊరికి వెళ్ళినా ఇలాంటి తాళాలు కనిపిస్తూనే ఉంటాయి. అమ్ముదామంటే మనసొప్పదు. ఉంచుదామంటే చెదలు ఊరుకోవు.

పట్నంలో ఈ మీమాంస ఎక్కువకాలం సాగదు. బిల్డరు వస్తాడు, పాత బంగళా కూలుస్తాడు, అయిదంతస్తులు లేపి వాటాదారుల చేతిలో తలా ఒక ఫ్లాటు తాళంచెవి పెడతాడు. ఇంటి పేరు మాత్రం గేటు మీద మిగులుతుంది, అదీ మిగిలితే.

ఈ రెండూ కాక మూడో దారి పట్టిన ఇళ్ళు హైదరాబాదులో కొన్ని ఉన్నాయి. కుటుంబం కాపురమున్న ఇంటిని పాటకు, నాటకానికి, చదువుకు, చర్చకు విడిచిపెట్టినవి. అక్కడికి వచ్చేవారిలో కుర్రవాళ్ళు ఎందరో. వారిలో పల్లెల నుంచి చదువులకు, కొలువులకు వెళ్ళినవారూ తక్కువేమీ కాదు. ఆ ఇళ్ళ ముచ్చట మన పల్లెల వారికి కూడా పనికివస్తుంది.

వీరేశలింగం పంతులు పెళ్ళి చేయించిన జంట ఇల్లు

హైదరాబాదులో ఆబిడ్స్ అంటే తెలియనివారు అరుదు. బట్టల షాపులు, చెప్పుల షాపులు, ఆటోల రొద. నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో, ఆ సందడి మధ్యనే పాతకాలపు బంగళా ఒకటి ఉంది. పేరు గోల్డెన్ త్రెషోల్డ్. తెలుగులో చెప్పాలంటే బంగారు గడప. సరోజినీ నాయుడు ఇల్లది. 1905లో లండన్‌లో అచ్చయిన ఆమె కవితా సంపుటి పేరే ఇంటికీ పెట్టారు.

ఆమె తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ బెంగాలీ. ఎడింబరోలో సైన్సులో డాక్టరు పట్టా పొంది వచ్చి, హైదరాబాదులో ఆనాటి కొత్త కాలేజీకి ప్రిన్సిపాలు అయ్యారు. తరువాత నిజాం కాలేజీగా మారింది అదే. ఆయన వాకిట్లో పండితుడికీ బిచ్చగాడికీ ఒకే పీట. రాగిని బంగారం చేసే రసవాదం మీద మోజుతో పుటాలు పెట్టేవారని కూతురే రాసుకుంది. బంగారం తయారు కాలేదు గాని ఆ ఇంట పెరిగిన పిల్లలు మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో తీరున పేరు తెచ్చుకున్నారు. కొడుకు వీరేంద్రనాథ్ విదేశాల్లో ఉండి బ్రిటిషు పాలన మీద విప్లవం నడిపాడు. మరో కొడుకు హరీంద్రనాథ్ కవి, నటుడు, ముసలితనంలో హిందీ సినిమాల్లో తాత వేషాలు వేసి జనాన్ని నవ్వించినవాడు.

సరోజిని పెళ్ళాడింది డాక్టర్ గోవిందరాజులు నాయుడిని. కులం వేరు, భాష వేరు. 1898లో మద్రాసులో బ్రహ్మసమాజ పద్ధతిలో జరిగిన ఆ పెళ్ళిని దగ్గరుండి జరిపించింది మన కందుకూరి వీరేశలింగం పంతులుగారే. అలా మొదలైన కాపురం ఆబిడ్స్ ఇంట్లో సాగింది. కవులు, కాంగ్రెసు నాయకులు, నవాబులు ఆ గడప తొక్కారు.

సరోజినీ నాయుడు 1949లో పోయారు. కూతురు పద్మజా నాయుడు పశ్చిమ బెంగాలుకు గవర్నరుగా పనిచేసి 1975లో కన్నుమూశారు. ఆబిడ్స్ నడిబొడ్డున స్థలం. ఆ రోజుల్లోనైనా ఎంత పలికేదో ఊహించుకోవచ్చు. కాని ఆ కుటుంబం దాన్ని అమ్మలేదు, విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. 1975 నవంబరులో ప్రధాని ఇందిరాగాంధీ ఆ ఇంటిని జాతికి అంకితం చేశారు. 1974లో పార్లమెంటు చట్టంతో పుట్టిన హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదట కాపురం పెట్టింది ఈ ఇంట్లోనే. గచ్చిబౌలి వద్ద రెండు వేల పైచిలుకు ఎకరాల్లో ఈనాడు కనిపించే విశ్వవిద్యాలయం ఒక ఇంటి గదుల్లో తప్పటడుగులు వేసిందంటే నమ్మబుద్ధి కాదు.

పెద్ద చదువులు గచ్చిబౌలికి తరలిపోయాక ఇల్లు పాడుబడి ఉండవలసింది. పడలేదు. 1988 నుంచి 2003 వరకు నాటకం, నాట్యం, చిత్రకళ, పత్రికా రచన నేర్పే విభాగం సరోజినీ నాయుడు పేరుతోనే అక్కడ నడిచింది. పదిహేనేళ్ళపాటు ఆమె ఇంటి గదుల్లో కుర్రవాళ్ళు గజ్జెలు కట్టారు, రంగులు కలిపారు, ముఖానికి అద్దకం వేసుకున్నారు. ఆ విభాగమూ గచ్చిబౌలికి వెళ్ళాక, 2012లో విశ్వవిద్యాలయం వారే నాటకాన్ని జనం దగ్గరకు చేర్చే పనికి అక్కడ ఒక విభాగాన్ని ప్రారంభించారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోక తప్పదు. విశ్వవిద్యాలయం వంటి పెద్ద చేయి పట్టుకుంది కనుక ఈ ఇల్లు నిలిచింది. అంత చేయి అందరికీ దొరకదు.

ఇంట్లో మొదలైన భాషా నిలయం

ఇంకా వెనక్కు వెళితే, ఇల్లు ఇచ్చే పద్ధతి తెలుగువారికి కొత్తది కాదని తెలుస్తుంది. నిజాం ఏలుబడిలో తెలుగుకు దిక్కు లేని కాలంలో, 1901లో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. ఎక్కడ? రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటి వారు ఆ ఇంట్లో కూర్చునే తెలుగు పుస్తకాల కొలువు పెట్టారు. తరువాత సుల్తాన్ బజారులో సొంత భవనం సమకూరింది. చదువుకోవడానికి పట్నం వచ్చిన తెలంగాణా కుర్రవాళ్ళకు తెలుగు పత్రిక, తెలుగు పుస్తకం కంటబడింది అలాంటి చోట్లనే. ఆ ఇంటి ఇల్లాలు ఎన్ని సార్లు కాఫీలు కాచిందో, ఎన్ని విస్తళ్ళు వేసిందో ఏ చరిత్రలోనూ రాయలేదు.

ఇల్లు కాని ఇల్లు

ఇక మన కాలపు కథ. బంజారాహిల్స్‌లో ఛాయాచిత్రకారుడు, డాక్యుమెంటరీ చిత్రాలు తీసిన మొయీద్ హసన్ గారి ఇల్లు. ఆయన తరువాత ఏం చేయాలన్న ప్రశ్న ఆ కుటుంబానికీ వచ్చింది. బంజారాహిల్స్‌లో గజం ధర ఎంతో మన ఊళ్ళో పిల్లవాడికి కూడా తెలుసు. అయినా 2010 మార్చిలో అష్హర్ ఫర్హాన్, ఆయన వైపువారు, స్నేహితులు కలిసి ఆ ఇంటిని కళలకు తెరిచారు. పేరు లామకాన్. ఉర్దూలో మకాన్ అంటే ఇల్లు, చోటు. లా అంటే లేదు. ఇల్లు కాని ఇల్లు, హద్దు లేని చోటు అని భావం.

హైదరాబాదు బండల ఊరు. ఆ నల్లరాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. బంజారాహిల్స్‌లో చాలామంది వాటిని పేల్చి మేడలు లేపారు. ఈ ఇంటివారు బండను ఉండనిచ్చారు. ఆరుబయలు వేదికకు వెనుక తెర అయింది ఆ బండే. దాని ముందు నాటకం ఆడారు, కవిత చదివారు, సితారు మీటారు, సినిమా వేసి ఆ పైన వాదించుకున్నారు. టికెట్టు లేని కార్యక్రమాలు ఎన్నో. ఉన్నా కుర్రవాడి జేబుకు అందేంతే. పక్కనే క్యాంటీను, చవక చాయ్, సమోసా. చాయ్ తాగి రెండు గంటలు కూర్చున్నా లేవమనేవారు ఉండేవారు కాదు.

ఈ ఆఖరు మాట చిన్నదిగా తోస్తుంది. పట్నంలో ఉంటున్న మన కుర్రవాడిని అడిగితే దాని విలువ తెలుస్తుంది. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టలు గది. ముగ్గురికి మూడు మంచాలు, కాళ్ళు చాపితే గోడ. పాట ఎత్తుకుంటే పక్క గదివాడు తలుపు బాదుతాడు. డప్పు మీద చేయి వేస్తే వార్డెను వస్తాడు. నలుగురు కలిసి నాటిక ఆడుదామనుకుంటే రిహార్సలుకు చోటు లేదు. పార్కులో రాత్రి కాగానే ఈల వేసి పంపేస్తారు. హోటల్లో కూర్చోవాలంటే గంటకొకసారి ఏదో ఒకటి తెప్పించాలి. పెద్ద థియేటరు అద్దెకు తీసుకోవాలంటే నలుగురి నెల జీతాలు కలిపినా చాలవు. ఊళ్ళో అయితే రామాలయం అరుగు ఉంది, చావడి ఉంది, చెరువుగట్టు ఉంది. పట్నంలో డబ్బు కట్టకుండా కూర్చునే చోటే కరువు. ఆ కరువును ఒక కుటుంబం తన ఇంటితో కొంత తీర్చింది.

ఒక లోపం కూడా ఉండేది. ఆ గేటు దగ్గర ఇంగ్లీషు, ఉర్దూ వినిపించినంతగా తెలుగు వినిపించేది కాదు. బంజారాహిల్స్ అన్న పేరు వినే వెనక్కు తగ్గే పల్లె కుర్రవాళ్ళుండేవారు. తగ్గవలసిన పని ఉండేది కాదు. లోపలికి వెళ్ళడానికి ఎవరి సిఫారసూ అక్కరలేకపోయేది.

పొరుగువాడి నిద్ర

ఇల్లు ఇవ్వగానే కథ సుఖాంతమని అనుకోరాదు. అసలు చిక్కులు ఆ తరువాతే. ఇంట్లో కాపురమున్నప్పుడు పది మంది వచ్చి పోతారు. వేదిక అయ్యాక వంద మంది. వాళ్ళ స్కూటర్లు, కార్లు పక్కింటి గేటుకు అడ్డంగా ఆగుతాయి. మైకు మోగుతుంది. కుటుంబానికి కట్టిన రెండు మరుగుదొడ్లు ఎటూ చాలవు. పాత వైరింగు కొత్త దీపాల బరువు మోయలేదు. లామకాన్‌కు కూడా ఇరుగుపొరుగుల అభ్యంతరాలు తప్పలేదు. ఆ సంగతి పత్రికలకూ ఎక్కింది.

పొరుగువారిని తప్పుపట్టి లాభం లేదు. వారి ఇంట్లోనూ పరీక్షలకు చదివే పిల్లలు, నిద్ర పట్టని ముసలివాళ్ళు ఉంటారు. 2000 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకరు వాడరాదు. మన ఊళ్ళలో జాతరలప్పుడు ఈ నిబంధన ఎవరికీ గుర్తుండదు, అది వేరే సంగతి. ఇలాంటి ఇల్లు నడిపేవారు మాత్రం గడియారం చూసుకుంటూనే ఉండాలి.

డబ్బు మరో చిక్కు. సున్నం, కరెంటు బిల్లు, ఊడ్చేవారి జీతం, ఇంటి పన్ను. నివాసం కాని వాడకానికి పన్ను లెక్క మారుతుంది. క్యాంటీను రాబడితో కొంత గడవవచ్చు. మిగతాది ఎవరో ఒకరు భరించాలి. సాధారణంగా ఆ ఒకరు ఇల్లిచ్చిన కుటుంబమే అవుతుంది.

సంతకాల సంగతి

మన జిల్లాలో తాళం పడి ఉన్న ఇళ్ళవారిలో ఎవరికైనా ఇలాంటి ఆలోచన వస్తే, మొదట చూసుకోవలసింది వాటాలు. తండ్రి పేరున ఉన్న ఇంటిని పెద్దకొడుకు ఒక్కడే ఎవరికీ ఇవ్వలేడు. ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా మన రాష్ట్రంలో 1986 చట్టంతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. కనుక అత్తవారింట ఉన్న చెల్లెలి సంతకం కూడా కావాలి. ఆమెను చివర్లో పిలిచి సంతకం అడగడం కంటే మొదట్లోనే పిలిచి మాట అడగడం మేలు.

పూర్తిగా ఇచ్చివేయాలంటే దానపత్రం. అది రిజిస్టరు కావాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఒకసారి ఇచ్చాక మనసు మారితే తిరిగి రాదు. ఇంకా నిర్ణయించుకోలేని వారు వాడుకకు మాత్రం ఇవ్వవచ్చు. లీజు అయితే అదీ రిజిస్టరు చేయించవలసిందే. ఏడాదికి తగ్గించి రాసుకుని, నడిచే తీరు చూసి మళ్ళీ రాసుకునేవారు ఎక్కువ.

పట్నం కుర్రవాళ్ళు పల్లె దాకా వస్తారా అన్నది మరో ప్రశ్న. నాటకం రాసేవాడికి, బొమ్మలు వేసేవాడికి, సినిమా కథ కట్టుకునేవాడికి కావలసింది వారం పది రోజుల నిశ్శబ్దం, వేళకు అన్నం, రాత్రి వెలిగే దీపం. మండువా ఇల్లయితే మరీ మంచిది. నడుమ ఆకాశం కనిపించే ఆ చదరమే వేదిక, చుట్టూ వసారాలే గ్యాలరీ. మైకు లేకుండా మాట నాలుగు మూలలకూ వినిపిస్తుంది. కాని ఊరివారి మాట కూడా వినాలి. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి వచ్చి దిగితే వీధి గుసగుసలాడుతుంది. మొదటి సాయంత్రమే ఊరివారిని పిలిచి ఆట చూపిస్తే ఆ గుసగుస సగం తగ్గుతుంది. రెండో సారికి వంటకు, ఊడ్పుకు ఊరివారికే పని ఇస్తే మిగతా సగమూ పోతుంది.

కాగితం రాసుకునేటప్పుడు దేవుడి గది తాళం ఎవరి దగ్గర ఉండాలి, పెరటి బావి నీళ్ళు పక్కింటివారు ఎప్పటిలాగే తోడుకోవచ్చునా, సంక్రాంతి మూడు రోజులూ ఇల్లు ఎవరిది, ఈ మూడూ విడిగా రాసుకోవాలి. తగాదాలు వచ్చేది ఎక్కువగా వీటి దగ్గరే.